30 రోజుల ఉచ్చారణ కోర్సు: దయచేసి డబ్బు కట్టకండి

రీల్స్‌లో రోజూ కనిపించే ఆ '30 రోజుల్లో ఇంగ్లీష్ ఉచ్చారణ' కోర్సు గురించే చెబుతున్నాను. ఎవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది. నిన్న రాత్రే నన్ను గ్రూప్‌లోంచి తీసేశారు. ఇంకా కోపం తగ్గలేదు.

నేను చేరింది ఒకే ఒక్క మాట నమ్మి. రోజూ మన గొంతు రికార్డు చేసి పంపితే ట్రైనర్ స్వయంగా విని తప్పులు చెబుతానన్నాడు. వీకీ డబ్ల్యూకీ మన నోట్లో ఒకటే 'వ' వస్తుంది కదా, నా బాధ అదే. పిల్లలు పడుకున్నాక అద్దం ముందు కూర్చుని, వీకి పైపళ్లు కింది పెదవికి ఆనించి, డబ్ల్యూకి పళ్లు తగలకుండా పెదవులు గుండ్రంగా చుట్టి, ఒక్కో పదం 20 సార్లు పలికేదాన్ని. ఇది కూడా నేను వెతుక్కున్నదే. వాళ్ల పీడీఎఫ్‌లో బనియన్ అనే వెస్ట్, పడమర అనే వెస్ట్ రెండూ ఒకేలా అచ్చువేసి వదిలేశారు.

12వ రోజు పొరపాటున మైక్ ఆఫ్‌లో ఉండిపోయింది. 40 సెకన్ల నిశ్శబ్దం వెళ్లింది. మళ్లీ పంపేలోగానే జవాబు: 'చాలా బాగా పలికారు! టీహెచ్ శబ్దం మీద ఇంకాస్త దృష్టి పెట్టండి.' పైకి జరిపి చూస్తే 3వ రోజూ, 7వ రోజూ పొల్లుపోకుండా ఇదే జవాబు. నా గొంతు ఒక్కరోజు కూడా ఎవరూ వినలేదు.

డబ్బు వెనక్కివ్వమంటే గ్రూప్‌లో అందరి ముందూ వాయిస్ మెసేజ్ పెట్టాడు: 'ముందు నోరు తిరగడం నేర్చుకోండి, తర్వాత రీఫండ్ అడుగుదురు గాని.' నోరు తిరక్కే కదండీ మీ దగ్గరికొచ్చింది! ఆ మాట టైప్ చేస్తుండగానే తీసేశారు.

తప్పు నాదీ ఉంది. డెమో రోజే అనుమానం రావాల్సింది. 'డెవలప్'లో స్ట్రెస్ (గట్టిగా పలకాల్సిన భాగం) ఎక్కడ అని ఒకరడిగితే 'అన్నీ సమానంగా పలకండి' అన్నాడు. అక్కడ రెండో భాగం మీద బలం పడాలి. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో దాని మీద. బలం పడనిచోట అచ్చు చాలాసార్లు నలిగి పొట్టి 'అ'లా మిగులుతుంది. ప్రతి అచ్చునూ నిండుగా పలికే మనకు ముందు నేర్పాల్సింది ఇదే.

ఎక్కడ చేరినా ముందు ఒక ఖాళీ రికార్డింగ్ పంపి చూడండి. పదాలు వినడానికైతే కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీల సైట్లలో బ్రిటిష్, అమెరికన్ ఆడియో రెండూ ఉచితమే. బలం పడే భాగానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. ఆ గ్రూప్‌లో ఇంకా ఉన్నవాళ్లు మీకొచ్చిన పాత జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.