ట్రైన్ 5 గంటలు లేటు, మిగిలింది సగం రోజే: చార్మినార్‌కి వెళ్లాలా, గోల్కొండకా?

పొద్దున 7కి సికింద్రాబాద్‌లో దిగాల్సినవాళ్లం మధ్యాహ్నం 12కి దిగాం, పిల్లల మొహాలు వాడిపోయాయి, రెండూ చూద్దామనుకున్న ప్లాన్ పోయింది. ఇలాంటప్పుడు రెండిటికీ పరిగెత్తకండి, ఒక్కటే పెట్టుకోండి.

వెళ్లడం: చార్మినార్‌కి సికింద్రాబాద్ వెస్ట్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరి ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడ్నుంచి ఆటోకి దగ్గరే. గోల్కొండ దూరం, క్యాబ్ ఖర్చు ఎక్కువ, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఉన్న టైమూ పోతుంది.

ఒంట్లో ఓపిక: గోల్కొండ పైదాకా 360 మెట్లు పైనే, రాత్రంతా నిద్రలేకపోతే కష్టం, బ్యాగులతో అయితే అసలొద్దు. చార్మినార్ దగ్గర కాళ్లు పీకితే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకుని కూర్చోవచ్చు, బిస్కెట్ చాయ్‌లో ముంచితే ఆ తీపీ ఉప్పూ కలిసి నోట్లో కరిగిపోతుంది, మా చిన్నది అక్కడే మళ్లీ నవ్వింది.

రిస్క్: శుక్రవారం అయితే చార్మినార్ వైపున్న సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు, చార్మినార్, లాడ్ బజార్ గాజులే మిగులుతాయి. గోల్కొండకి సాయంత్రం లేటుగా వెళ్తే పైకెక్కే టైమే ఉండదు.

ముసలివాళ్లు, పిల్లలు, లగేజీ ఉంటే చార్మినారే. శుక్రవారం దిగి, సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టేసి, 2 గంటలకల్లా కోట గేటు దగ్గరుండగలిగితే మాత్రం గోల్కొండ వదలకండి, కింద ప్రవేశ ద్వారం గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కొండ పైనున్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది, ఒకరు కిందా ఒకరు పైనా ఉండి వినండి.