స్టుట్‌గార్ట్ బాల్కనీలో డాల్మేషియా అంజూరలు: ప్రయాణంలో కొమ్మలు తెచ్చి నాటడంపై నా సమీక్ష

చలికాలం సెలవుల్లో క్రొయేషియాలోని డాల్మేషియా తీరానికి వెళ్లినప్పుడల్లా అంజూర కొమ్మలు తెచ్చి కుండీల్లో నాటడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఈ పనికి కొన్నవాటిలో సగం అక్కర లేనివే.

వాటిలో మొదటిది వేర్లు పుట్టించే హార్మోన్ పొడి. అంజూరకు అది దండగ, పొడి లేకపోయినా వేర్లు వస్తాయి. డబ్బు పెట్టాల్సింది అంటుకట్టే సన్నటి టేపు మీద. కొమ్మంతా దానితో చుట్టేస్తే లోపలి తేమ ఆరదు, మొగ్గ తనంతట తానే టేపును చీల్చుకుని వస్తుంది. సూట్‌కేసులో వారం రోజులున్నా కొమ్మ వాడదు. టేపు దొరకకపోతే, గట్టిగా పిండిన తడి కాగితంలో చుట్టి జిప్ కవరులో పెట్టాలి. కాగితం నీళ్లోడుతుంటే మాత్రం ఇల్లు చేరేసరికి బూజు పడుతుంది.

కొమ్మ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కోయాలి. ఆకులు రాలిన చెట్టు నిద్రలో ఉంటుంది, పాలు కూడా తక్కువగా కారతాయి. పెన్సిల్ మందం, మూడు నాలుగు కణుపులు, కింది కణుపుకు కాస్త దిగువన కోత ఉంటే చాలు. పాలు చేతికంటితే వెంటనే కడుక్కోవాలి, ఆ చేయి ఎండలో బొబ్బలెక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఏ చెట్టు నుంచి తెస్తున్నామన్నది. స్ప్లిట్, షిబెనిక్ ఊళ్లలో రాతి గోడల్లోంచి మొలిచిన చెట్లు చేయి చాస్తే అందుతాయి. వాటి జోలికి వెళ్లకండి. గింజ నుంచి మొలిచినవాటిలో దాదాపు సగం మగ చెట్లే, వాటి కాయ తినడానికి పనికిరాదు. మిగిలినవాటిలోనూ కొన్నింటికి కందిరీగ జాతి పురుగు వచ్చి పరాగసంపర్కం చేస్తేనే పండు నిలుస్తుంది. ఆ పురుగు జర్మనీలో ఉండదు. అందుకే పెరటి యజమానిని అడిగి, ఏటా నిలకడగా కాసే చెట్టు కొమ్మే తీసుకుంటాను. పెద్దవాళ్లు ఒక కొమ్మ అడిగితే నాలుగిచ్చి, కాఫీ కూడా పోస్తారు. అలా తెచ్చిన పెత్రోవాచా అనే రకం నా బాల్కనీలో వేసవి మొదట్లో తొలి కాపు ఇస్తుంది, రెండో కాపుకు ఆ పురుగు కావాలి కాబట్టి దాని మీద నాకు ఆశ లేదు.

ఆకుల మీద పసుపు మచ్చలున్న చెట్టును వేసవిలోనే గుర్తుపెట్టుకుని వదిలేయాలి. ఆ మచ్చలు తెచ్చే మొజాయిక్ తెగులు కొమ్మతో పాటే ఇంటికొస్తుంది.

నాటడానికి కొబ్బరి పొట్టు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) సమపాళ్లలో కలిపి పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులో పోస్తాను. వేర్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి పీకి చూడాలన్న దురద తగ్గుతుంది. మిశ్రమాన్ని పిడికిట బిగిస్తే చుక్క రాలకూడదు. గది వేడి 22 నుంచి 25 డిగ్రీలు చాలు. ముందు ఆకులొస్తే సంబరపడకండి, అవి కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చినవి. అప్పుడు నీళ్లు ఎక్కువ పోస్తే అడుగు కుళ్లుతుంది. సీసా నీళ్లలోనూ వేర్లు వస్తాయి గానీ పెళుసుగా ఉండి, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతాయి.

క్రొయేషియా 2013 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఉంది కాబట్టి సొంతానికి నాలుగు కొమ్మలు తెచ్చుకోవడం తేలిక. మొక్కలను ఎండబెట్టే జైలెల్లా బాక్టీరియా సోకిన స్పెయిన్ దీవి మయోర్కా, ఇటలీలోని పుల్యా వైపు నుంచి మాత్రం ఆంక్షలున్నాయి. అనంతపురంలో అన్నయ్య తనకూ రెండు కొమ్మలు పట్టుకు రమ్మంటాడు. భారత్‌కు దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. మహారాష్ట్రలోని పురందర్ అంజూర వీటికంటే తీపి అని చెప్పి తప్పించుకుంటున్నాను.