ఆరేళ్ల వాడకం తర్వాత: సిమిలారిటీ సాఫ్ట్‌వేర్‌కి ఏది దొరుకుతుంది, ఏది దొరకదు

మా ఇంజినీరింగ్ కాలేజీలో సిమిలారిటీ రిపోర్టులు, అంటే ఒక పరిశోధన పేపర్ ఎంత శాతం వేరేవాళ్ల రాతలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపించే రిపోర్టులు, తీసే డ్యూటీ 2019లో నాకు పడింది. మా కాన్ఫరెన్స్‌కి వచ్చే పేపర్లు, మా ఎంటెక్ పిల్లలు బయటికి పంపేవి, తోటి లెక్చరర్లవి, అన్నీ నా లాగిన్ దాటే వెళ్లాలి. మధ్యలో కాలేజీ ఒకసారి కంపెనీ మార్చింది. రెండింటి పేర్లూ రాయడం లేదు, నేను చెప్పబోయే మంచీ చెడూ రెండింట్లోనూ ఒకటే. కొనే ఆలోచనలో ఉన్న లైబ్రేరియన్లకీ, కొత్తగా ఈ డ్యూటీ పడిన లెక్చరర్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

పని మాత్రం చకచకా చేస్తుంది. 8 పేజీల పేపర్ అప్‌లోడ్ చేసి టీ తాగి వచ్చేసరికి రిపోర్ట్ సిద్ధం. ఏ వాక్యం ఎక్కడిదో రంగు వేసి చూపిస్తుంది, దాని మీద నొక్కితే మూలం పక్కనే తెరుచుకుంటుంది. వికీపీడియా పేరాలు ఎత్తి పెట్టినవి, అచ్చయిన పాత పేపర్‌కే టైటిల్ మార్చి మళ్లీ పంపినవి ఇట్టే దొరుకుతాయి. ఇది రాకముందు అనుమానం వచ్చిన వాక్యాలను గూగుల్‌లో ఒక్కొక్కటే పెట్టి వెతికేదాన్ని. ఆ రోజులు మళ్లీ రావద్దనే కోరుకుంటాను.

ఇక శాతం సంగతి. ముందుగా సెట్టింగ్స్ పేజీ చూసుకోవాలి. మొన్న ఒకే పేపర్‌ని మూడు రకాలుగా పెట్టి చూశాను. ఏమీ మినహాయించకపోతే 31 శాతం. రిఫరెన్సులు తీసేస్తే 22. 14 పదాల లోపు పోలికలు కూడా తీసేస్తే 9. పేపర్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఆ 14 ఊరికే వచ్చిన అంకె కాదు. యూజీసీ 2018 నిబంధనలు వరుసగా 14 పదాల వరకూ కాకతాళీయంగా కలిసే మాటలను లెక్కలోంచి మినహాయించాయి. 10 శాతం వరకూ స్వల్ప పోలిక, శిక్ష లేదు. ఆపైన 40 వరకూ ఒక మెట్టు, 60 వరకూ ఇంకో మెట్టు. 60 దాటితే అధ్యాపకులకు వరుసగా రెండు ఇంక్రిమెంట్లు ఆగుతాయి, మూడేళ్లు కొత్త పీహెచ్‌డీ స్టూడెంట్లను తీసుకోకూడదు.

నిబంధనను నేను తప్పుబట్టను. దాన్ని మనం వాడుకున్న తీరే నన్ను బాధపెడుతోంది. రిపోర్ట్ తీసుకోవడానికి వచ్చిన వాళ్లు అడిగే మొదటి మాట "పర్సెంట్ ఎంత మేడమ్?" ఏ పేరా పట్టుబడిందని అడిగినవాళ్లను ఈ ఆరేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రమోషన్ ఫైల్‌కి పేపర్ కావాలి, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ ఫైల్‌కి పేపర్ కావాలి, పేపర్ వెళ్లాలంటే 10 లోపు రావాలి. కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో ప్రాజెక్ట్ బైండింగ్ రేటు కింద 'ప్లేజరిజం తగ్గించబడును' అని బోర్డు పెట్టారు. పేజీకి ఇంత అని రేటు.

2022లో నా సంతకంతో వెళ్లిన ఒక పేపర్ గురించి చెప్పాలి. గుండె జబ్బుని ముందే పసిగట్టే మెషిన్ లెర్నింగ్ మోడల్ మీద రాసింది. 9 శాతం వచ్చింది. కాన్ఫరెన్స్ దగ్గర పడింది, ఇంకా పాతిక పేపర్లు క్యూలో ఉన్నాయి. అంకె చూసి సంతకం పెట్టాను. వారం తర్వాత బయటి రివ్యూయర్ నుంచి ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది: మూడో పేజీలో 'ఆర్బిట్రరీ బ్యాక్‌వుడ్స్' అంటే ఏమిటి?

తెరిచి చదివాను. అది 'రాండమ్ ఫారెస్ట్'. బీటెక్ మూడో సంవత్సరం పిల్లలకు కూడా తెలిసిన అల్గారిథమ్ పేరు. కింద 'సిగ్నల్ టు నాయిస్' కాస్తా 'ఫ్లాగ్ టు క్లామర్' అయింది. 'బిగ్ డేటా' వచ్చి 'కొలోసల్ ఇన్ఫర్మేషన్'. ఎవరిదో పేపర్‌ని పారాఫ్రేజ్ టూల్‌లో వేసి తీశారు. మాటకు మాట మార్చేసరికి సాఫ్ట్‌వేర్‌కి పోలిక కనపడలేదు. పేపర్ రాసిన అబ్బాయిని పిలిచి, ఆ వాక్యం చూపించి అర్థం చెప్పమన్నాను. చాలాసేపు తల దించుకుని నిలబడ్డాడు. "మొదట 42 వచ్చింది మేడమ్, 10 లోపు రాకపోతే తీసుకోరన్నారు" అన్నాడు. ఎవరూ అతనికి ఆ 42లో ఏముందో కూర్చోబెట్టి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పేపర్ ఉపసంహరించుకున్నాం.

ఇలాంటి మాటలకు 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరుందని ఆ తర్వాతే తెలిసింది. గిలోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో వీటి మీద పరిశోధన ప్రకటించారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్'ని 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అని రాసిన పేపర్లు పేరున్న పబ్లిషర్ల దగ్గరే అచ్చయ్యాయి. కబనాక్ బృందం నడిపే 'ప్రాబ్లమాటిక్ పేపర్ స్క్రీనర్' ఉచితం. ఇప్పుడు నా బ్రౌజర్‌లో సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ పక్కనే అది తెరిచి ఉంటుంది. రిఫరెన్సుల్లో ఇచ్చిన పేపర్ల మీద అందులో ఏమైనా ఉందేమో చూస్తాను. చూస్తే ఒక్కోసారి గుండె ఝల్లుమంటుంది.

రిపోర్ట్‌లో కొత్తగా వచ్చిన, పేపర్‌లో ఎంత శాతం ఏఐ రాసిందో చూపించే గడి గురించి మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి, చిన్నచిన్న వాక్యాల్లో శుభ్రంగా రాస్తుంది. ఆమె పేపర్‌కి 70 దాటి చూపించింది. ఏడుస్తూ వచ్చి, గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచి చూపించింది. మూడు వారాలు రోజుకి పది పన్నెండు లైన్లు రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వచ్చిన పేపర్ అది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇలాంటి డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకి రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని అవి తప్పుగా తేల్చాయి. మన పిల్లల్లో ఎంతమంది ఇంగ్లిష్ మాతృభాషవాళ్లు? ఆ గడి చూసి ఎవరినీ నిలబెట్టకండి.

ఇంకో చిక్కు. డ్రాఫ్ట్ అప్‌లోడ్ చేసేటప్పుడు రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ పేపర్లు దాచుకునే చోట) దాచొద్దనే ఆప్షన్ పెట్టకపోతే, రెండోసారి అదే పేపర్ తనకు తానే 90 శాతం పైన కలుస్తుంది. మొదటి ఏడాది దీంతో నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఒకే పేపర్‌ని ఒకేసారి రెండు కాన్ఫరెన్సులకు పంపితే ఇది పట్టుకోలేదు, రెండూ ఇంకా అచ్చు కాలేదు కాబట్టి. అలాంటిది మాకు ఒక్కసారే దొరికింది, అదీ రెండు చోట్లా ఒకే రివ్యూయర్ ఉండబట్టి. లేని రిఫరెన్సులు కూడా దీనికి కనపడవు. చాట్‌బాట్లు వచ్చాక ఇది ఎక్కువైంది. అందుకే పేపర్‌కి ఐదు రిఫరెన్సులు ఎంచుకుని డీఓఐ (అచ్చయిన పేపర్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) కొట్టి చూస్తాను. టైటిల్ ఒకటైతే తెరుచుకునే పేపర్ ఇంకొకటి. దీనికి పట్టేది 20 నిమిషాలు. రిపోర్ట్‌కి ఇచ్చే ప్రాముఖ్యం ఈ 20 నిమిషాలకూ ఇవ్వండి.

ఇక పేపర్ చదవని పెద్దల పేరు ఆథర్లలో మొదట రావడం, 'ఫస్ట్ ఆథర్ ఇంత, సెకండ్ ఆథర్ ఇంత' అని వాట్సాప్‌లో రేట్లు తిరగడం, ప్రెజెంటేషన్‌కి ఎవరూ రాకపోయినా సర్టిఫికెట్ చేతికి అందడం. ఇవి సున్నా శాతం పేపర్‌లోనూ జరుగుతాయి. అసలు కాన్ఫరెన్సే సరైనదా అన్నది కూడా రిపోర్ట్‌లో ఉండదు. మన హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ (అదే రంగంలోని వాళ్లు పేపర్‌ని పరిశీలించడం) గురించి అబద్ధం చెప్పారనీ, ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లు కాన్ఫరెన్సుల ప్రచారంలో వాడుకున్నారనీ ఆరోపణ. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు ముఖం చెల్లలేదు. తర్వాత ఎప్పుడు బయటి దేశం ప్రొఫెసర్‌ని మా కాన్ఫరెన్స్‌కి పిలిచినా, కమిటీ పేజీలో పేరు పెట్టేముందు రాతపూర్వకంగా అంగీకారం తీసుకుంటున్నాం.

సబ్‌స్క్రిప్షన్ రెన్యూవల్ మార్చిలో ఉంది. కొనసాగించమనే రాస్తాను, ఇది లేకుండా పని నడవదు. కానీ పోయిన ఏడాది నుంచి శాతం ఉండే రిపోర్ట్ మొదటి పేజీ ఒక్కటే ఇవ్వడం మానేశాను. రంగు వేసిన పేజీలన్నీ ప్రింట్ తీసి, రాసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరా చూస్తున్నాం. కొందరికి కోపంగా ఉంది, టైమ్ వేస్ట్ అంటున్నారు. కాలేజీ ఫారంలో 'సిమిలారిటీ శాతం' అనే గడి పక్కన ఇంకో గడి పెట్టమని లెటర్ ఇచ్చాను: 'ఈ పేపర్ మొదటి నుంచి చివరి దాకా చదివినది ఎవరు? సంతకం.' ఇంకా జవాబు రాలేదు.