టేకు మీద నామాలు, ఇత్తడి మీద అక్షరాలు: ఒక 6040 సీఎన్‌సీ రౌటర్ పరీక్ష

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు మాకున్న చిన్న వర్క్‌షాపులో పూజా మందిరాలు, గుమ్మం మీద బిగించే శంఖు చక్ర నామాల పలకలు, ఇంటి ముందు పెట్టుకునే ఇత్తడి నేమ్‌ప్లేట్లు తయారవుతాయి. చెక్కపనిని మాధవమాల నుంచి వచ్చే శిల్పులు చేతితో చేస్తారు. ఇత్తడి పనిని మాత్రం ఇన్నాళ్లూ చెన్నైకి పంపి, అది తిరిగి వచ్చేదాకా ఆర్డరు ఇచ్చినవారికి ఏదో ఒక సమాధానం చెప్పుకుంటూ గడపవలసి వచ్చేది. ఈ రెండు పనులకూ కలిపి బల్ల మీద ఇమిడే యంత్రం ఒకటి దొరుకుతుందా అని మొదలైన వెతుకులాట చివరికి 6040 తరగతి రౌటర్ దగ్గర, అంటే కంప్యూటరు చెప్పిన దారిలో తిరిగే బిట్‌ను నడిపి చెక్కే యంత్రం దగ్గర ఆగింది. ఆరు నెలలు వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

ఈ అంకెల అర్థం తెలియనివారి కోసం ఒక మాట. 3018 అంటే 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు పనిస్థలం ఉన్న యంత్రమనీ, 6040 అంటే 600కు 400 అనీ అర్థం. ఇవి కంపెనీల పేర్లు కావు, కొలతలు మాత్రమే. కాబట్టి ఒకే అంకె పెట్టుకున్న రెండు యంత్రాలకు మధ్య నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉండవచ్చు. నేను మూడింటిని చూశాను. మొదటిది ఒక స్నేహితుని దగ్గరున్న 3018. రెండవది గుండ్రటి ఉక్కు కడ్డీల మీద నడిచే 6040, దానికి 2.2 కిలోవాట్ల స్పిండిల్ (బిట్‌ను పట్టుకుని తిప్పే మోటారు) ఉంది. మూడవది పలకలుగా ఉండే లీనియర్ గైడ్ల (జారుడు పట్టాల) మీద, 16 మిల్లీమీటర్ల బాల్ స్క్రూలతో (మరలతో) నడిచే 6040, దాని స్పిండిల్ 1.5 కిలోవాట్లే. చివరి రెండింటి ధర దాదాపు సమానం. దుకాణాల్లో ఎవరిని అడిగినా కిలోవాట్లు ఎక్కువున్న దానినే చూపించారు.

నేను మాత్రం సంచిలో సన్నని కదలికలను కొలిచే డయల్ గేజీ, ఒక స్ప్రింగ్ త్రాసు పెట్టుకుని వెళ్లాను. పరీక్ష చాలా చిన్నది. యంత్రం ఆన్ చేసి మోటార్లు పట్టు బిగించిన తరువాత, స్పిండిల్ ముక్కుకు త్రాసు కొక్కెం తగిలించి అయిదు కిలోల బలంతో పక్కకు లాగి, ముక్కు ఎంత కదిలిందో డయల్‌లో చూడడమే. 3018 ముక్కు దాదాపు 0.4 మిల్లీమీటర్లు వంగింది. గుండ్రటి కడ్డీల 6040 అంత భారీగా కనిపిస్తూ కూడా 0.2 దాటింది. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. రెండు చివర్ల మాత్రమే ఆధారం ఉన్న కడ్డీ పొడవు రెట్టింపైతే అదే బరువుకు ఎనిమిది రెట్లు వంగుతుంది, కనుక పనిస్థలం పెరిగినకొద్దీ ఆ నిర్మాణం బలహీనపడుతుందే తప్ప బలపడదు. లీనియర్ గైడ్లకు అడుగంతా ఆధారం ఉంటుంది కాబట్టి మూడవ యంత్రం 0.06 దగ్గర నిలిచింది. లోహాన్ని కోసేటప్పుడు బిట్ ఒక్కో పంటితో తీసే పొర మందం 0.04 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. ముక్కే అంతకు అయిదు రెట్లు ఊగుతుంటే ఎన్ని కిలోవాట్లు వెనుక ఉన్నా అవి కోతకు కాక కంపనానికే ఖర్చవుతాయి. డయల్ బిగిస్తుంటే ఒక దుకాణదారుడు ముఖం చిట్లించుకున్నాడు గానీ, అడ్డు చెప్పలేదు.

మూడవదానినే తీసుకున్నాను. పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి రెండు లక్షల లోపు అయింది. చెన్నై నుంచి పుత్తూరు మీదుగా లారీలో వచ్చిన యంత్రం దారిలో ఎంత కుదుపుకు లోనైందో స్పిండిల్‌ను నిలువుగా సరిచూసినప్పుడు తెలిసింది. స్పిండిల్‌కు డయల్ బిగించి 150 మిల్లీమీటర్ల వృత్తంలో చేతితో తిప్పితే ముందుకూ వెనుకకూ మధ్య 0.12 తేడా వచ్చింది. కూల్‌డ్రింక్ క్యాన్ రేకు మందం రమారమి 0.1 మిల్లీమీటరు ఉంటుంది. ఆ రేకు ముక్కను స్పిండిల్ బ్రాకెట్ కింద పెట్టి బిగించడంతో తేడా 0.02కు దిగింది.

కరెంటు వేసే ముందు వీఎఫ్‌డీ అనే పెట్టె అమరికలు చూడడం ఎందుకు అవసరమో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లోని సింగిల్ ఫేజ్ కరెంటును మూడు ఫేజులుగా మార్చి, ఫ్రీక్వెన్సీని పెంచి స్పిండిల్‌ను తిప్పేది ఈ పెట్టే. ఈ తరహా స్పిండిల్ 400 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుంది, పూర్తి వోల్టేజీ దానికి అక్కడే అందాలి. కానీ మాకు వచ్చిన పెట్టెలో బేస్ ఫ్రీక్వెన్సీ, అంటే పూర్తి వోల్టేజీ అందే ఫ్రీక్వెన్సీ, మామూలు మోటార్లకు ఉండే 50 హెర్ట్జ్ దగ్గరే ఉంది. అలాగే నడిపితే తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజీ వైండింగుల మీద పడి స్పిండిల్ నిమిషాల్లో కాలిపోతుంది. అమ్మినవారు "అంతా సెట్ చేసే పంపించినాము, ప్లగ్గు పెట్టుకోండి సార్" అని ఫోనులో చెప్పారు. వారి మాట నమ్మి ప్లగ్గు పెట్టి ఉంటే ఈ సమీక్ష మరోలా ఉండేది. స్పిండిల్ ప్లగ్గులోని నాలుగవ పిన్నుకు ఎర్తు తీగ కూడా కలపలేదు. నీళ్లతో చల్లబడే లోహపు గొట్టానికి ఎర్తు లేకపోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఎర్తు కలిపి, స్పిండిల్ తీగను షీల్డు ఉన్న తీగగా మార్చిన తరువాత, అంతకుముందు స్పిండిల్ మొదలవగానే తెగిపోతుండిన కంప్యూటరు యూఎస్‌బీ సంబంధం కూడా నిలబడింది.

చెక్క మీద మొదటి పరీక్షగా 300కు 200 మిల్లీమీటర్ల టేకు పలక మీద శంఖు చక్ర నామాలను ఉబ్బెత్తుగా చెక్కించాను. ఆరు మిల్లీమీటర్ల రెండు పళ్ల బిట్‌తో, 16,000 చుట్ల వేగంతో, మూడేసి మిల్లీమీటర్ల లోతున ముతక కోత అరగంటలోపే అయిపోయింది. తరువాత మూడు మిల్లీమీటర్ల గుండు మొన బిట్‌తో గీతకూ గీతకూ 0.3 ఎడం పెట్టి నునుపు కోత పెడితే దానికి రెండుంబావు గంటలు పట్టింది. 60,000 చదరపు మిల్లీమీటర్లను ఆ ఎడంతో గీస్తే బిట్ రెండు వందల మీటర్లు నడవాలి కనుక నిమిషానికి మీటరున్నర వేగంలో అంతకంటె తొందరగా అయ్యే మార్గం లేదు. ఫలితం మాత్రం ఉప్పుకాగితంతో రెండు నిమిషాలు రుద్దితే పాలిషు పెట్టదగినంత శుభ్రంగా వచ్చింది. వేపచెక్క అంత మర్యాదగా నడుచుకోలేదు. దాని పొర అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి అంచుల్లో నూగు లేచింది. టేకులో ఉండే సిలికా బిట్ల పదును తొందరగా తినేస్తుంది, కనుక ఎక్కువ పని ఉన్నవారు కార్బైడ్ బిట్లు రెండో మూడో అదనంగా ఉంచుకోవాలి.

చెక్కిన పలకను మా దగ్గర పనిచేసే మాధవమాల శిల్పికి చూపించాను. ఆయన దానిని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, "అంతా బాగుండాది సార్, చక్రం జ్వాలల మూలలు మాత్రం ఉలితోనే తియ్యాల," అన్నారు. ఆయన చెప్పింది నిజమే. గుండు మొన బిట్ ఏ లోపలి మూలలోనైనా ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రాన్ని వదిలిపెడుతుంది, జ్వాల కొస మొద్దుబారినట్లు కనిపిస్తుంది. ఇప్పుడు ముతక కోత, నునుపు కోత యంత్రం చేస్తోంది, కొసలు ఆయన తీస్తున్నారు. తిరుపతి కాబట్టి ఎర్రచందనం మీద పనిచేస్తుందా అని చూసినవారందరూ అడుగుతున్నారు. అటవీ శాఖ కాగితాలు లేని ఎర్రచందనం ముక్కను పరీక్ష కోసమైనా వర్క్‌షాపులోకి రానివ్వలేను కనుక ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

యంత్రం అసలు గుణం తెలిసింది లోహం మీదనే. ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న 6061 రకం అల్యూమినియం ముక్కలో 50 మిల్లీమీటర్ల చదరపు గుంట తీయించాను. నాలుగు మిల్లీమీటర్ల ఒంటిపన్ను బిట్, 16,000 చుట్లు, నిమిషానికి 600 మిల్లీమీటర్ల నడక, ఒక్కో పొరకు 0.4 లోతు. రజను పొడిగా కాక చిన్న చిన్న రేకులుగా ఎగిరింది. అలా వస్తేనే వేడి రజనుతోపాటు బయటికి పోతుంది. పొడిగా వస్తే బిట్ కోయక రుద్దుతోందని అర్థం. గుంట కొలత 49.95 వచ్చింది. లోతును 0.8కు పెంచగానే యంత్రం కీచుమంది, గోడల మీద అలలు కనిపించాయి, కనుక దాని హద్దు ఆ రెండింటి మధ్య ఉంది. అదే ముక్కను స్నేహితుని 3018 మీద 0.1 లోతుతో ప్రయత్నిస్తే గుంట పక్కలు వాలుగా వచ్చాయి, బిట్ కూడా విరిగింది. ఇనుము జోలికి నేను పోలేదు. ఆరు మిల్లీమీటర్ల కార్బైడ్ బిట్‌తో మైల్డ్ స్టీలు కోయడానికి అయిదారు వేల చుట్లు చాలు, కానీ ఈ స్పిండిల్‌కు ఎనిమిది వేల లోపు బలమే ఉండదు. అటువంటి పని వస్తే రేణిగుంట వైపు పెద్ద మిల్లింగ్ యంత్రాలు ఉన్నవారికి ఇవ్వడమే తెలివి.

ఇత్తడి నేమ్‌ప్లేట్ల విషయంలో యంత్రం కంటె తెలుగు లిపి ఎక్కువ పరీక్ష పెట్టింది. అరవై డిగ్రీల వీ బిట్‌ను 0.3 లోతుకు దింపితే గీత వెడల్పు 0.35 వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది చాలు గానీ, ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున్న తెలుగు అక్షరం కింద వచ్చే వత్తులో సున్న పూడిపోయింది. ముప్పై డిగ్రీల బిట్‌కు మారిన తరువాతే "వేంకటేశ్వర"లో శకారం కింది వకారం విడిగా కనిపించింది. పలక 0.1 మిల్లీమీటరు వంగి ఉన్నా అరవై డిగ్రీల బిట్ గీత వెడల్పు 0.115 మారిపోతుంది కనుక, ముందు బల్ల మీది ఎండీఎఫ్ (చెక్కనారను అదిమి చేసిన) పలకను యంత్రంతోనే సమంగా చెక్కించి, ఇత్తడికీ బల్లకూ మాస్కింగ్ టేపు వేసి, ఆ రెండు టేపుల మధ్య సూపర్ గ్లూ పెట్టి అతికిస్తున్నాను. అక్షరాలు కూర్చేటప్పుడు ఇంకొక చిక్కు ఉంది. యంత్రంతోపాటు వచ్చిన చెక్కుడు సాఫ్ట్‌వేర్‌లో తెలుగు నేరుగా టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఆ ఫైలును తెచ్చుకుంటే ఆ బాధ లేదు.

మిగిలిన ఫిర్యాదులు చిన్నవి. మూడవ నెలలో వై దిశలో యంత్రం హద్దును గుర్తించే లిమిట్ స్విచ్ చెడిపోతే అమ్మినవారు పదకొండు రోజులకు పంపారు. స్విచ్ ధర వందల్లోనే కనుక ముందే ఒకటి కొని పెట్టుకోవలసింది. వేసవి మధ్యాహ్నాల్లో ఇరవై లీటర్ల చల్లదనపు నీళ్లు గోరువెచ్చగా మారుతున్నాయి, అందుకని పెద్ద పనులు ఉదయం పూట పెడుతున్నాను. కరెంటు పోయినప్పుడు పని చెడకుండా మోటార్లను నడిపే కంట్రోలర్‌కు మాత్రం యూపీఎస్ పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ సలహా పాటిస్తే స్పిండిల్ ఆగిపోయి, యంత్రం మాత్రం నడుస్తూ ఆగిన బిట్‌ను లోహంలోకి తోస్తుంది, కాబట్టి రెండూ ఒకేసారి ఆగడమే మేలు. హోమింగ్ స్విచ్‌లు సరిగా పనిచేస్తే కరెంటు వచ్చాక మూల బిందువును మళ్లీ పట్టుకుని, ప్రోగ్రాములో ఆగిన వరుస నుంచి మొదలుపెట్టవచ్చు. ఇత్తడి పలకల మీద ఇప్పటికి మూడుసార్లు అలా చేశాను, అతుకు పడిన చోటు వేలికి తగలలేదు.