మహారాణిపేట కిడ్నీ క్లినిక్: డాక్టరుకు పూర్తి మార్కులు, ల్యాబుకు సగమే

విశాఖ మహారాణిపేటలోని ఒక ప్రైవేటు నెఫ్రాలజీ క్లినిక్‌లో మా అన్నయ్య కిడ్నీ మార్పిడి తర్వాతి వైద్యం చేయించుకుంటున్నాడు. అమ్మ ఇచ్చిన కిడ్నీ ఏళ్ల తరబడి చక్కగా పనిచేసింది. ఈమధ్య మూత్రంలో ప్రోటీన్ కనబడింది. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఇంకా పెద్దగా పెరగకముందే డాక్టరుగారు డీఎస్‌ఏ, అంటే దాత కణజాలానికి వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీల పరీక్ష రాశారు. ఈ క్లినిక్‌ను నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఈ తొందరే.

కన్నతల్లి కిడ్నీ ఒంటికి పడకపోవడమేమిటని అమ్మ అడిగితే ఆయన విసుక్కోలేదు. కణాలు సొంతవా పరాయివా అని ఒంటికి తెలిపే ప్రోటీన్లను హెచ్‌ఎల్‌ఏ గుర్తులంటారు. "అమ్మా, మీ హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో సగమే మీ అబ్బాయికి వచ్చాయి, మిగతా సగం అతని ఒంటికి పరాయివే" అన్నారు. ఆ పరాయి గుర్తుల మీద, అందులోనూ డీక్యూ అనే రకం మీద, ఆపరేషన్ అయిన ఎన్నో ఏళ్లకు కూడా కొత్తగా యాంటీబాడీలు తయారు కావచ్చునట. అవి కిడ్నీలోని సన్నని రక్తనాళాల లోపొరకు అంటుకుని, రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లనూ ఎన్‌కే కణాలనూ ఉసిగొల్పి, ఆ పొరను గాయపరుస్తాయి. గాయం మానుతూ మళ్లీ రేగుతూ ఉండగా రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్ గోడ జంట గీతల్లా చీలినట్టు బయాప్సీలో, అంటే కిడ్నీ ముక్క తీసి చేసే పరీక్షలో, కనబడుతుంది. క్రియాటినిన్ పెరిగే నాటికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. బయాప్సీలో యాంటీబాడీల దాడికి ఆనవాలైన సీ4డీ మరక కనబడకపోయినా నిశ్చింతగా ఉండటానికి వీల్లేదనీ, సీ4డీ లేని తిరస్కరణను కూడా 2013 నుంచి మార్పిడి అవయవాల బయాప్సీలను అంచనా వేసే అంతర్జాతీయ బాన్ఫ్ వర్గీకరణ గుర్తిస్తోందనీ ఆయనే వివరించారు.

క్లినిక్‌కు అనుబంధంగా ఉన్న ల్యాబు సంగతి వేరు. డీఎస్‌ఏ నమూనాను వేరే నగరానికి పంపిస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ మా చేతికిచ్చిన కాగితంలో "పాజిటివ్" అన్న ఒక్క మాటే ఉంది. ఏ గుర్తు మీద యాంటీబాడీ ఉందో, దాని బలాన్ని సూచించే ఎంఎఫ్ఐ ఎంతో తెలియకపోతే తర్వాతి పరీక్షను దేనితో పోల్చాలి? గట్టిగా అడిగాకే పూర్తి రిపోర్టు తెప్పించారు. అంతకన్నా పెద్ద లోపం, తిరస్కరణను అణిచే మందు టాక్రోలిమస్ రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షలో ఉంది. పొద్దుటి మాత్ర వేసుకోకముందే తీయవలసిన రక్తాన్ని, మాత్ర వేసుకున్నారా అని కూడా అడగకుండా తీసేస్తున్నారు. మాత్ర పడ్డాక తీస్తే మందు స్థాయి ఎక్కువగా కనబడుతుంది. దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే యాంటీబాడీలకు మనమే దారి ఇచ్చినట్టవుతుంది. ఇలాంటి రోగులకే పనిచేసే ల్యాబులో ఇది క్షమించదగిన అశ్రద్ధ కాదు.

వైద్యం విషయంలో డాక్టరుగారు లేనిపోని ఆశలు పెట్టలేదు. యాంటీబాడీలను అదుపు చేయడానికి వాడే ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ, రిటుక్సిమాబ్ చికిత్సలు దీర్ఘకాలిక దశలో కచ్చితంగా పనిచేస్తాయని రుజువు కాలేదని ముందే చెప్పి, టాక్రోలిమస్‌ను సరైన స్థాయికి తేవడం, ఒక్క పూట కూడా మందు తప్పకుండా చూడటం, రక్తపోటును అదుపులో ఉంచడం మీదే దృష్టి పెట్టారు. ఖరీదైన ఇంజెక్షన్లు అంటగట్టే అవకాశం ఉండి కూడా ఆ పని చేయలేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి కూడా రోగులు వస్తారు కనుక వరండా ఉదయం నుంచే కిక్కిరిసి ఉంటుంది, కుర్చీలు చాలవు. వెళ్లేవారు పొద్దుటి మాత్రను వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోండి. రాత్రి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, రక్తం ఎన్ని గంటలకు తీశారో ల్యాబు చీటీ మీద దగ్గరుండి రాయించండి.