వియత్నాంలో రోజుకెంత అవుతుంది?

వియత్నాం వెళ్ళొచ్చామనగానే మావాళ్ళంతా అడిగిన మొదటి మాట "రోజుకెంత అయింది?" అని. పెట్టిన డబ్బంతా కూడి, రోజులతో భాగించి ఒక అంకె చెప్పేయొచ్చు. అది పట్టుకుని ఇంకొకరు బడ్జెట్ వేసుకుంటే మాత్రం మధ్యలోనే చేతులెత్తేయాలి. అక్కడ మూడు రకాల రోజులుంటాయి. ఒక ఊళ్ళో కుదురుగా ఉన్న రోజు, ఊరు మారిన రోజు, పెద్ద టికెట్టు కొన్న రోజు. మొదటిదానికీ రెండోదానికీ తేడా నాలుగైదు రెట్లు. అందుకే ఎన్ని రోజులు అన్నదానికంటే ఎన్ని ఊళ్ళు అన్నదాన్ని బట్టే ఖర్చు తేలుతుంది.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ మా బావగారి డైరీలోవి. ఆయన బ్యాంకులో క్యాషియర్‌గా చేరి మేనేజరుగా రిటైరైన మనిషి. రాత్రి పద్దు తేలందే నిద్రపోరు. అక్క, బావగారు, నేను వెళ్ళాం. ముగ్గురం కాబట్టి గది, కారు ఖర్చు మూడు భాగాలైంది. ఒక్కరే వెళ్ళేవాళ్ళు తలసరి అంకెల్ని నేరుగా వాడుకోకండి. విమానం టికెట్టు, వీసా ఖర్చు ఇందులో కలపలేదు. అవి ఇంట్లో ఉండగానే కట్టేసినవి, అక్కడ ఎన్నాళ్ళున్నా మారవు.

ముందు అక్కడి కరెన్సీ డాంగ్ సంగతి. మేము వెళ్ళినప్పుడు రూపాయికి దాదాపు 300 డాంగ్ వచ్చాయి. అంటే లక్ష డాంగ్ 330 రూపాయలు. కాఫీ తాగినా బిల్లు వేలల్లో, గది తీసుకుంటే లక్షల్లో. మొదటి పూట అందరికీ కళ్ళు తిరుగుతాయి. బావగారి పద్ధతి ఏంటంటే, చివరి మూడు సున్నాలు కొట్టేసి మూడుతో గుణించి, వచ్చినదానికి పదో వంతు కలపడం. 50,000 అంటే యాభై మూళ్ళు నూటయాభై, దానికి పదిహేను, వెరసి 165 రూపాయలు. స్థానికులు కూడా ఆ మూడు సున్నాలు పలకరు, చాలా మెనూల్లో రాయరు కూడా. 45 అని ఉంటే 45,000 అన్నమాట.

నోట్ల దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 20,000 నోటు నీలం, 5 లక్షల నోటు కూడా నీలి ఛాయే, కాకపోతే కాస్త ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. రెండూ నున్నటి ప్లాస్టిక్ నోట్లు. పగలు తేడా తెలుస్తుంది కానీ సందులో పళ్ళబండి దగ్గర, పసుప్పచ్చ బల్బు కింద రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి 66 రూపాయలు, ఇంకోటి 1,650. వెనక బొమ్మ చూస్తే పొరపాటు పడం. 20,000 మీద హోయి ఆన్‌లోని కప్పున్న వంతెన, 5 లక్షల మీద హో చి మిన్ పుట్టిన ఊళ్ళోని తాటాకిల్లు లాంటి ఇల్లు. బావగారు పెద్ద నోట్లను పాస్‌పోర్టు పౌచ్‌లోనే ఉంచి, చొక్కా జేబులో లక్షకు మించి పెట్టుకోలేదు.

ఇక కుదురుగా ఉన్న రోజు. హోయి ఆన్‌లో మాకు దొరికిన హోమ్‌స్టే గది 7.5 లక్షల డాంగ్. ముగ్గురికి మంచాలు, పొద్దున టిఫిను, ఉచితంగా సైకిళ్ళు. మధ్యాహ్నం అక్కకీ నాకూ శాకాహార అన్నం ప్లేటు చెరి 40,000, బావగారికి ఆ ఊరి ప్రత్యేకం కావ్ లావ్ నూడుల్స్ 60,000. కాఫీలు 90,000, రాత్రి భోజనం రెండున్నర లక్షలు, నీళ్ళూ పళ్ళూ 60,000, రెండు కిలోల బట్టలు ఉతికించినందుకు 60,000. మొత్తం 13.5 లక్షలు, అంటే 4,500 రూపాయలు. తలకి 1,500. మన దగ్గర సీజన్లో అరకు వెళ్ళినా ఇంతలో తేలడం కష్టం. పాత బస్తీ టికెట్టు విదేశీయులకు 1.2 లక్షలు.

హనోయ్‌లో అదే రకం రోజుకి తలకి 2,650 దాకా అయింది. తేడాలో సగానికి పైగా గదిదే. ఓల్డ్ క్వార్టర్‌లో ముగ్గురి గది 13 లక్షలు. అక్కడ ఇళ్ళు సన్నగా, పొడవుగా ఉంటాయి. ముందు గదులకు తప్ప వెలుతురు రాదు. చాలా హోటళ్ళు కిటికీ లేని గదుల్ని తక్కువకి ఇస్తాయి, అది రాసి ఉంటే గొడవ లేదు. మా హోటల్ వాళ్ళు కిటికీ ఉందనే రాశారు. అక్క వెళ్ళి పరదా తీసి చూసి, "ఒరేయ్, ఇలా రా. చెయ్యి చాపితే పక్కింటి గోడ తగులుతోంది," అంది. నిజమే, జానెడు దూరం. రిసెప్షన్‌లో అడిగితే వీధివైపు గది ఉంది, రోజుకి ఇంకో 3 లక్షలన్నారు. "బుకింగ్‌లో ఉన్న ఫొటో ఈ గదిదేనా?" అని బావగారు నెమ్మదిగా అడిగేసరికి ఆ 3 లక్షలు లక్షకి దిగాయి. హనోయ్‌లో గది తీసుకునేవాళ్ళు వీధివైపు కిటికీ ఉందో లేదో ముందే మెసేజ్ పెట్టి, జవాబు దాచుకోండి. వారాంతంలో హోన్ కీమ్ చెరువు చుట్టూ వాహనాలు ఆపేస్తారు కాబట్టి కారు హోటల్ దాకా రాదు, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ నడవాలి.

తిరగడానికి పెద్దగా ఖర్చుండదు. నోయి బాయ్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి 86 నంబరు బస్సు 45,000 డాంగ్. ముగ్గురూ, సామానూ ఉంటే గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) కారే నయం, సుమారు 3 లక్షలు. ఊళ్ళో బేరం జోలికి పోకుండా యాప్‌లోనే బండి పిలవండి, రేటు ముందే కనిపిస్తుంది. సైక్లో రిక్షా సరదా పడితే ఎక్కకముందే రేటు మనిషికా, బండికా అని తేల్చుకోవాలి.

హనోయ్‌లో ఒక్క ఖర్చు గురించి బావగారు డైరీలో పక్కన నక్షత్రం గుర్తు పెట్టారు, గుడ్డు కాఫీ. 1946లో పాలకు కరువొచ్చినప్పుడు పాలకి బదులు గుడ్డు సొన గిలక్కొట్టి వేయడంతో మొదలైందని చెబుతారు. చిన్న కప్పును వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టి ఇస్తారు, చల్లారకుండా. పైన చిక్కటి మీగడలాంటి నురగ, కింద చేదు డికాక్షన్. నీచు వాసన రాదు. 40,000 డాంగ్, 130 రూపాయలు. అక్క వాసన చూసి, "మీరు తాగండి, నేను చూస్తా" అని ఊరుకుంది.

ఇప్పుడు జేబుకి చిల్లు పెట్టే రోజు. హనోయ్ నుంచి హోయి ఆన్‌కి వెళ్ళిన రోజు పద్దు ఇలా ఉంది. డా నాంగ్‌కి విమానం, లగేజీతో కలిపి ముగ్గురికి 45 లక్షలు. ఇటు కారు, అటు దిగాక కారు కలిపి 7 లక్షలు. ఎయిర్‌పోర్టులో తిండి 3 లక్షలు. గది 7.5, రాత్రి భోజనం 2.5. మొత్తం 65 లక్షలు, అంటే 21,600 రూపాయలు. తలకి 7,200. పైగా ఆ రోజు చూసిందేమీ లేదు. రైల్లో వెళ్ళొచ్చు, 791 కిలోమీటర్లు, పదహారు గంటల దాకా పడుతుంది. బెర్తు చౌకేం కాదు గానీ ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. అక్క మోకాళ్ళ దృష్ట్యా మేము విమానమే ఎక్కాం.

అందుకే బావగారు ఎంత ముచ్చటపడ్డా హ్యూ పట్నాన్ని జాబితాలోంచి తీసేశాం. అక్కడి రాజకోట టికెట్టు 2 లక్షలే. కానీ గది మారడం, రెండు కార్లు, పోయిన పూట కలిపితే తడిసి మోపెడవుతుంది. హ్యూ చూడాల్సిందే అనుకునేవాళ్ళకి డా నాంగ్ నుంచి రైలుంది. వంద కిలోమీటర్లే, హాయ్ వాన్ కనుమ మీదుగా సముద్రాన్ని ఆనుకుని పోతుంది. పగటి రైలు ఎక్కి, అటు వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి.

పెద్ద టికెట్ల విషయంలో మా ముగ్గురికీ ఏకాభిప్రాయం రాలేదు, కాబట్టి ఇవి నా మార్కులు. నిన్ బిన్ దగ్గర ట్రాంగ్ ఆన్ పడవకి మనిషికి 2.5 లక్షలు. పడవలో నలుగురు, దాదాపు మూడు గంటలు, కొండల కింద నీటి గుహల్లోంచి తల వంచుకుని వెళ్ళాలి. పడవ నడిపినావిడ చేతుల్తో అలసిపోయాక వెనక్కి వాలి కాళ్ళతో తెడ్డు వేసింది. పైసా వసూల్. హనోయ్ నుంచి వందలోపు కిలోమీటర్లే కనక గది మారక్కర్లేదు.

సముద్రంలో సున్నపురాతి కొండలుండే హాలాంగ్ అఖాతంలో ఒక రాత్రి ఓడలో ఉండే ప్యాకేజీ మాకు మనిషికి 35 లక్షలు పడింది. హనోయ్ నుంచి పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర. ఒక్క రోజులో వెళ్ళొచ్చే టూరు ఇందులో మూడో వంతుకే దొరుకుతుంది గానీ, ఐదు గంటలు బస్సులోనే పోతాయి. ఉంటే రాత్రి ఉండండి, లేదంటే ట్రాంగ్ ఆన్‌తో సరిపెట్టుకోండి, సున్నపురాతి కొండలు అక్కడా అవే. ఓడలో నీళ్ళ సీసా సహా పానీయాలన్నింటికీ విడిగా బిల్లు వేశారు. అది ప్యాకేజీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది.

డా నాంగ్ దగ్గరి బా నా హిల్స్‌లో రెండు పెద్ద చేతులు ఎత్తి పట్టుకున్నట్టుండే గోల్డెన్ బ్రిడ్జి ఫొటో అందరూ చూసే ఉంటారు. కేబుల్ కారు టికెట్టు 9 లక్షల పైమాటే. కారు, తిండి కలిపితే తలకి నాలుగున్నర వేల రూపాయలు దాటింది. వంతెన మీద నిలబడ్డామంటే జనం భుజాల మధ్య నిలబడ్డామనే. మిగతాదంతా థీమ్ పార్కు. పిల్లలుంటే సరే, మా ముగ్గురికీ అనవసరం.

దాంతో పోలిస్తే 'మీ సన్' అనే పాత గుళ్ళ చోటుకి టికెట్టు 1.5 లక్షలు, 500 రూపాయలు. హోయి ఆన్ నుంచి 40 కిలోమీటర్లు. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే చామ్ రాజు భద్రేశ్వరుడి పేరుతో శివాలయం కట్టించిన చోటు. అమెరికా బాంబుల్లో చాలా గుళ్ళు పోయాయి. మన పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి కొన్నింటిని బాగుచేశారు, 2020లో ఆ పనిలోనే ఇసుకరాతి శివలింగం బయటపడింది. ఎర్ర ఇటుక గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డ అక్క బస్సు హారన్ కొట్టేదాకా కదల్లేదు. పొద్దున ఎనిమిదిలోపు వెళితే ఎండా ఉండదు, జనమూ ఉండరు.

శాకాహారులకి తిండి టెన్షన్ ఉంటుంది గానీ డబ్బు పరంగా వాళ్ళదే లాభం. బౌద్ధ గుళ్ళ దగ్గర చిన్న శాకాహార హోటళ్ళుంటాయి, బోర్డు మీద 'చాయ్' (Chay) అని ఉంటుంది, అంటే శాకాహారం, టీ కాదు. ముప్ఫై నలభై వేలకి అన్నం, టోఫు, రెండు కూరలు. చాంద్రమాన నెల 1వ తేదీ, 15వ తేదీల్లో స్థానికులు కూడా మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ చోట్ల దొరుకుతుంది. మామూలు హోటల్లో కూరగాయల వేపుడు చెప్పినా చేపల సాస్ వేసేస్తారు, వద్దని ఫోన్లో అనువాదం చేసి చూపించాలి. ఇండియన్ రెస్టారెంట్‌కి వెళితే మాత్రం ఒక్కో కూరే రెండు లక్షల చిల్లర. ముగ్గురం ఒక రాత్రి పప్పూ రోటీ తిన్న డబ్బుతో హోయి ఆన్‌లో గది వచ్చేది. వేరుశనగ పొడి, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్ళండి. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. చౌక విమానాల్లో చేతి సంచి 7 కిలోలే, పచ్చడి సీసాని చెక్ ఇన్ లగేజీలోనే పెట్టాలి.

డబ్బు ఎలా తీసుకెళ్ళాలన్నది బావగారి సబ్జెక్టు. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ లావాదేవీ మీద 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, వెరసి నూటికి నాలుగు రూపాయల పైన పోతుంది. ఆ చార్జీ లేని కార్డు ఉంటే అదే వాడండి. మెషీన్ మీద రూపాయల్లో కడతారా, డాంగ్‌లో కడతారా అని అడిగితే డాంగే నొక్కండి, రూపాయల్లో నొక్కితే వాళ్ళకి నచ్చిన రేటు వేస్తారు. చాలా ఏటీఎంలు ఒకసారికి ఇరవై ముప్ఫై లక్షలకి మించి ఇవ్వవు, తీసిన ప్రతిసారీ ఫీజు ఉంటుంది. కొంత డాలర్లలో పట్టుకెళ్ళాం. మడతలు, పెన్ను గీతలు ఉన్న నోట్లకి రేటు తగ్గిస్తారు. టూరు ప్యాకేజీ కొంటే ఏజెంటు టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాడు, రిటర్న్ వేసేటప్పుడు దాన్ని చూపించుకోవడం మరిచిపోకండి.

ఈ-వీసా ప్రభుత్వ సైట్లో 25 డాలర్లు. వెతికితే ముందు వచ్చేవి దానికి రెండు మూడింతలు గుంజే ప్రైవేటు సైట్లు. మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ఒక చోట, తండ్రి పేరు ఒక చోట ఉండి పాస్‌పోర్టు మీద పేరు బారెడుంటుంది. అందులో ఒక్క ముక్క వదిలినా ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, మళ్ళీ కొత్త వీసాకి డబ్బు కట్టుకోవాల్సిందే.

మిగిలిన డాంగ్‌ని అక్కడి ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దాటకముందే మార్చేసుకోండి. హైదరాబాద్‌లో డాంగ్ తీసుకునేవాళ్ళు తక్కువ, తీసుకున్నా నష్టానికే. చిల్లర నోట్లు మిగిలితే కాఫీ పొడి కొనండి, ఎయిర్‌పోర్టులో కాకుండా ఊళ్ళో సూపర్‌మార్కెట్‌లో, సగం ధరకి.