‘కాషే’లో మజీద్‌కు దక్కిన చోటు

ఆస్ట్రియా దర్శకుడు మైకేల్ హానెకె ఫ్రెంచిలో తీసిన ‘కాషే’, 2005లో కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం అందుకున్న చిత్రం. దీన్ని ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లోనే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూశాను. నేపథ్య సంగీతం లేని ఈ రెండు గంటల నేరకథలో నన్ను పట్టి కూర్చోబెట్టింది టేపులు ఎవరు పంపారన్న ప్రశ్న కాదు. తెర మీద ఎవరికి ఎంత చోటు దక్కిందన్నది.

టెలివిజన్‌లో సాహిత్య కార్యక్రమం నడిపే జార్జ్ ఇంటికి, ఆ ఇంటినే గంటల తరబడి చిత్రించిన వీడియో టేపులు వస్తుంటాయి. అతని అనుమానం, చిన్నప్పుడు తాను చెప్పిన అబద్ధాల వల్ల ఇంటి నుంచి పంపేసిన మజీద్ మీదికి పోతుంది. మజీద్ తల్లిదండ్రులు అల్జీరియన్లు, జార్జ్ తల్లిదండ్రుల పొలంలో పనిచేసినవారు. అల్జీరియన్ల మీద విధించిన కర్ఫ్యూకు నిరసనగా 1961 అక్టోబరు 17న పారిస్‌లో జరిగిన ప్రదర్శనకు వెళ్లి వాళ్లు తిరిగి రాలేదు. మారిస్ పాపాన్ అధిపతిగా ఉన్న నగర పోలీసులు ఆ రాత్రి ఎందరినో చంపారు, కొందరిని సెన్ నదిలోకి తోసేశారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు ఆ రక్తపాతాన్ని గణతంత్రం తరఫున గుర్తిస్తున్నట్లు ప్రకటించడానికి 2012 దాకా పట్టింది. ఇంత పెద్ద ఘోరాన్ని జార్జ్ తన భార్యకు రెండు మూడు ముక్కల్లో చెప్పి ముగించేస్తాడు. అతని కంఠంలోని ఆ తొందరే నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా పదునైన చిత్రణగా తోచింది.

అల్జీరియాలోని త్లెమ్‌సెన్‌లో పుట్టిన మోరిస్ బెనిషూ మజీద్ పాత్రను ధరించాడు. జార్జ్ అతని ఇరుకు ఫ్లాటుకు వెళ్లి బెదిరిస్తాడు. మజీద్ గొంతు పెంచడు. ఇంటికి వచ్చిన జార్జ్, అక్కడ ఎవరూ లేరని భార్యతో అబద్ధమాడతాడు. ఆ తరువాత వచ్చిన టేపులో ఆ సంభాషణ అంతా ఉంటుంది. జార్జ్ వెళ్లిపోయాక కూడా కెమెరా ఆగదు, మజీద్ ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటాడు. జార్జ్ చూపుతో నిమిత్తం లేకుండా ఆ మనిషి మనకు కనిపించేది దాదాపు అక్కడొక్కచోటే. వీధిలో చూసుకోకుండా అడుగు పెట్టిన జార్జ్‌తో తలపడే నల్లజాతి సైకిలిస్టు కనిపించేది కొద్ది క్షణాలే అయినా, అతను తల వంచకుండా నిలబడి సమాధానం చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

అయినా ఒక లోటును మన్నించలేకపోతున్నాను. మజీద్ ఏ పని చేసి బతికాడో, ఎవరిని పెళ్లాడాడో మనకు తెలియదు. జార్జ్‌ను నిలదీసే అతని కొడుక్కు పేరైనా లేదు. చూసేది జార్జ్ కళ్లతో కనుక అలా ఉండటం ఉద్దేశపూర్వకమేనని వాదించవచ్చు. కానీ అన్యాయం చేసినవాడి అపరాధ భావానికి చిత్రమంతా ఇచ్చి, అన్యాయం పడ్డవాడికి ఆ భావాన్ని రేపే పని మాత్రమే అప్పగిస్తే, అది సగం ప్రాతినిధ్యమే అవుతుంది.

పర్లాకిమిడి తెలుగువాళ్లకు ఈ విషయం దూరమైనది కాదు. కొండచీపుర్లు, చింతపండు తెచ్చే సవర గిరిజనులు సంతలో మనతో తెలుగులోనో ఒడియాలోనో బేరమాడతారు. వాళ్లతో సవరలో మాట్లాడగల దుకాణదారులు అరుదు. గిడుగు రామమూర్తి ఇదే ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని ఆ భాషలో పాఠ్యపుస్తకాలు తయారుచేసినా, మన కథల్లో సవరలు ఇప్పటికీ ఎక్కువగా మూట మోసేవాళ్లుగానో, పండుగ నాట్యంలోనో కనిపిస్తారు. వాళ్ల ఇంట్లో, వాళ్ల మధ్య జరిగే మాటలు రాసేవాళ్లు ఇంకా కావాలి.

నేరకథల్లో చివరికి ముడి విప్పి చెప్పాలని కోరుకునేవారికి ఈ చిత్రం అసంతృప్తి మిగులుస్తుంది. మిగిలినవారు తప్పక చూడవలసినది. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు ఆపేయకుండా బడి మెట్ల మీద, తెరకు ఎడమ వైపున మాట్లాడుకుంటున్న ఇద్దరిని గమనించండి. మజీద్ ఫ్లాటులో హఠాత్తుగా జరిగే రక్తపాత దృశ్యం ఒకటి ఉంది, కాబట్టి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని చూడవద్దు.